నూట యాభై మాటల మరిది

ఎవరు మాట్లాడుతున్నా మాటలు లెక్కపెట్టడం ఆ మనిషికున్న ఒకే ఒక్క జబ్బు. బొటనవేలు మిగతా నాలుగు వేళ్ల మీద చప్పుడు చేయకుండా పరిగెడుతూ ఉంటుంది. మొహం చూస్తే మాత్రం ఏమీ తెలియదు, మనం చెప్పేదంతా ప్రాణం పెట్టి వింటున్నట్టే ఉంటుంది. మనమూ మురిసిపోయి ఇంకాస్త చెబుతాం. సరిగ్గా నూట యాభయ్యో మాట దగ్గర అరచెయ్యి పైకి లేస్తుంది. ఇక ఆపెయ్యాలి. అందుకే చుట్టుపక్కల చిన్నాచితకా సేవాసంఘాల వాళ్లందరూ ఆయన్ని మీటరు అంటారు. చాటుగా కాదు, ఎదురుగానే అంటారు. ఆయనా పలుకుతాడు.

ఈ జబ్బు ఆయనకు ఉద్యోగంలో అంటుకుంది. ముప్పై ఏళ్లపాటు ఒక పత్రికాఫీసులో చిన్న ప్రకటనలు తీసుకునే కౌంటరు దగ్గర కూర్చున్నాడు. తప్పిపోయిన కుక్కలు, అద్దెకు గదులు, అమ్మకానికి కుట్టుమిషన్లు. మాటకింత అని రేటు కాబట్టి, జనం చెప్పే సోదంతా విని అందులోంచి పన్నెండు మాటలు ఏరి చేతిలో పెట్టేవాడు. రిటైరయ్యాక ఊరుకోలేక, డబ్బులేని సంఘాలకు ట్రస్టుల దగ్గర గ్రాంట్లు ఎక్కడ దొరుకుతాయో వెతికి, దరఖాస్తులు రాసిపెట్టే పని నెత్తిన వేసుకున్నాడు. ఆ ఫారాల్లో ప్రతి ప్రశ్న కిందా ఒక గడి ఉంటుంది. ఆ గడిలో నూట యాభై మాటలకు మించి పట్టవు. ఆయన కోసమే ఎవరో కూర్చుని ఆ గడులు గీసినట్టుంది.

ఒకసారి డాక్టరు ఆయన రక్తపోటు గురించి, ఉప్పు గురించి, నడక గురించి, తన సొంత మావగారి రక్తపోటు గురించి వివరిస్తుంటే అరచెయ్యి లేచింది. "డాక్టరుగారూ, అయిపోయాయి. మందు పేరు ఇంకా రాలేదు," అన్నాడు. ఆయన భార్య మాత్రం దీనికి విరుగుడు కనిపెట్టింది. మొగుణ్ని తిట్టాల్సి వచ్చినప్పుడు నూట నలభై దాకా తిట్టి, మంచినీళ్లు తాగి, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడుతుంది. ఆ ఇంట్లో ఎండాకాలం నీళ్లు చాలవు.

ఈ మనిషిని అస్సలు భరించలేని వాళ్లలో మొదటి పేరు ఆయన వదినగారిది. ఆవిడ హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరయ్యారు. ముప్పై నాలుగేళ్లు బడిలో తను మాట్లాడుతుంటే ఈగ కూడా వాలేది కాదు. పొద్దున్నే ప్రార్థన తర్వాత ఆవిడ చెప్పే నాలుగు ముక్కలు పూర్తయ్యేసరికి మొదటి పీరియడ్ గంట కొట్టేవారు. అలాంటి మనిషిని, తన కళ్లముందు నిక్కర్లేసుకు తిరిగిన మరిది, చెయ్యెత్తి ఆపడమేమిటి. పండక్కో పబ్బానికో అందరూ కలిసినా ఆవిడ ఆయనకు ఎదురుగా కూర్చోవడం మానేసి చాలా కాలమైంది.

కానీ ఆవిడకూ ఒక సంఘం ఉంది. పాత బస్సు డిపో వెనక ఒక రేకుల షెడ్డు. విరిగిన చక్రాల కుర్చీలు, చేతికర్రలు, నడవడానికి పట్టుకునే స్టాండ్లు అక్కడికి వస్తాయి. బాగై వెళతాయి. ఎవరి దగ్గరా పైసా తీసుకోరు. ఆవిడ అధ్యక్షురాలు. పని చేసేది మాత్రం ఒక మెకానిక్కు. అంతకుముందు సైకిల్ షాపులో చేసిన నలభై ఏళ్ల ఆడమనిషి. చేతులకు ఎప్పుడూ గ్రీజు, నోటికి ఎప్పుడూ తాళం. రోజు మొత్తం మీద ఆమె నోట్లోంచి వచ్చేవి "స్పానరు", "జరగండి" అనే రెండు మాటలే. ఆమెకు నత్తి ఉందన్న సంగతి అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ ఆమెను ఏమీ అడగరు. అడగాల్సినవన్నీ హెడ్‌మిస్ట్రెస్ గారే అడిగి, జవాబులు కూడా తనే చెప్పేస్తారు. అది మర్యాద అనే ఆవిడ అనుకున్నారు.

ఇప్పుడు ఆ షెడ్డు స్థలం అమ్ముడైపోయింది. మూడు నెలల్లో ఖాళీ చెయ్యాలి. వేరే గది చూసుకోవాలంటే గ్రాంటు రావాలి, రాకపోతే షెడ్డుతో పాటు పనీ ఆగిపోతుంది. లోపల నలభై ఒక్క కుర్చీలు వరసలో ఉన్నాయి. వాటి కోసం నలభై ఒక్క ఇళ్లలో మనుషులు ఎదురుచూస్తున్నారు.

కిందటేడు ఆవిడే స్వయంగా ఒక ట్రస్టుకు దరఖాస్తు పెట్టారు. "మీ సంస్థ ఏం చేస్తుంది?" అన్న ప్రశ్నకు పదకొండు వందల మాటల జవాబు రాసి, కంప్యూటర్లో ఆ గడిలో పోశారు. గడి తనకు పట్టినంత ఉంచుకుని మిగతాది నోరెత్తకుండా పారేసింది. ఆవిడ చూసుకోలేదు. జవాబు మనిషి చక్రం కనిపెట్టిన దగ్గర మొదలైంది. నూట యాభై మాటలకు ఆదిమానవుడు ఇంకా దుంగలు దొర్లిస్తూనే ఉన్నాడు. నెల తర్వాత ట్రస్టు వాళ్లు చాలా గౌరవంగా ఉత్తరం రాశారు. ప్రాచీన చక్రాల మీద మీరు చేస్తున్న పరిశోధన గొప్పదే గానీ, చరిత్ర మా పరిధిలోకి రాదు అని.

ఆ ఉత్తరం ఆవిడ ఎవరికీ చూపించలేదు. కానీ తోటికోడలికి ఎలాగో తెలిసిపోయింది. తోటికోడలికి తెలిస్తే మరిదికి తెలిసినట్టే. ఈసారి అదే ట్రస్టు మళ్లీ దరఖాస్తులు పిలిచినప్పుడు ఆవిడ అభిమానం చంపుకుని ఫోను చేశారు. "నీ సాయం కావాలి నాయనా," అని మొదలుపెట్టి పరిస్థితి వివరించారు. అవతలినుంచి దగ్గు వినపడింది. ఫోనులో చెయ్యి కనపడదు కాబట్టి ఆయన దగ్గుతాడు.

మర్నాడు మీటరు ఒక మడతకుర్చీ చంకన పెట్టుకుని షెడ్డుకొచ్చాడు. కమిటీ అంతా కూర్చుంది. ఆవిడ సంఘం ఆశయాల గురించి చెప్పారు. చెయ్యి లేచింది. నీళ్లు తాగి రెండోసారి మొదలుపెట్టారు. మళ్లీ లేచింది. మూడోసారికి ఆవిడ తల ప్రాణం తోకకొచ్చింది.

"నువ్వు మనిషివా, మీటరువా?"

"ఏదైనా అనుకోండి వదినా. నాలుగు వందల యాభై అయ్యాయి. ఇక్కడ కుర్చీలు బాగుచేస్తారన్న మాట మాత్రం ఇంకా రాలేదు."

ఆవిడ మొహం కందగడ్డలా అయింది. ఆయన మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని, నిరుటి మంగళవారాల్లో ఏదో ఒక రోజు ఈ షెడ్డులో పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఏం జరిగిందో రాసుకురమ్మని ఆవిడకే ఇంటిపని ఇచ్చాడు. హెడ్‌మిస్ట్రెస్‌కు ఇంటిపని. ఆవిడ పళ్లు నూరుకుంటూ ఆరు వందల మాటలు రాసుకొచ్చారు. "సమాజాభ్యుదయం", "మానవీయ విలువలు", "మహోన్నత సంకల్పం" అన్నిటి మీదా ఎర్ర గీతలు పడ్డాయి. చివరికి మిగిలింది ఒకటే వాక్యం, ఆ రోజు వానకు రేకు కారిందని.

ఆ తర్వాత పది రోజులు ఆయన తీరు ఆవిడకు బొత్తిగా అంతుపట్టలేదు. గడువు దగ్గరపడుతుంటే, రోజూ మధ్యాహ్నం వచ్చి మెకానిక్కు పక్కన మడతకుర్చీ వేసుకుని కూర్చుంటాడు. స్పానరు అందిస్తాడు. గ్రీజు డబ్బా మూత తీస్తాడు. ఆవిడ గేటు దగ్గర్నుంచి తొంగిచూసినప్పుడల్లా ఇద్దరూ మూగవాళ్లలా ఉంటారు. ఫారం రాయమంటే పనిలో చేరాడేమిటని ఆవిడ తోటికోడలితో వాపోయారు. ఆ వాపోవడంలో ఒక దిక్కుమాలిన విషయం బయటపడింది. తను మాట్లాడుతుండగా తన బొటనవేలే తన వేళ్ల మీద నడుస్తోంది. జబ్బు అంటుకుంది.

ఎలాగైతేనేం గడువుకు ముందే దరఖాస్తు వెళ్లింది. మొదటి వడపోతలో నిలిచింది. ట్రస్టు వాళ్లు స్వయంగా వచ్చి చూస్తామని, అసలు పని చేసే మనిషితో మాట్లాడాలని ఉత్తరం రాశారు. ఆ మాట వినగానే మెకానిక్కు చేతిలో స్పానరు కింద పెట్టేసింది.

"నే... నేను ఆ రోజు రాను మేడమ్."

ఆవిడ జాలిపడ్డారు. నిజం చెప్పాలంటే జాలితో పాటు కాస్త సంతోషించారు కూడా. నువ్వేం భయపడకమ్మా, నీ పని నువ్వు చేసుకో, మాట్లాడేదంతా నేను చూసుకుంటానని ధైర్యం చెప్పారు. ఆ రాత్రి కూర్చుని ఈసారి సరిగ్గా నూట నలభై ఎనిమిది మాటల్లో ఉపన్యాసం తయారుచేసుకున్నారు. కంఠతా పట్టారు. మరిది చెయ్యి ఎలా లేస్తుందో చూద్దామనుకున్నారు.

చెప్పిన రోజున ట్రస్టు నుంచి ఇద్దరొచ్చారు, కళ్లద్దాల పెద్దావిడ, ఫైలు పట్టుకున్న ఒక ఆయన. మెకానిక్కు రానన్నదే గానీ ఇంట్లో ఉండలేకపోయింది. షెడ్డు మూల ఒక కుర్చీ తిరగేసుకుని, ఎవరికీ కనపడనట్టు దాని వెనక నక్కి పని చేస్తోంది. హెడ్‌మిస్ట్రెస్ గారు గొంతు సవరించుకుని మొదలుపెట్టారు. అద్భుతంగా సాగుతోంది. చేతిసంచీ కింద ఆవిడ వేళ్లు లెక్కపెడుతూనే ఉన్నాయి. అరవై, అరవై ఒకటి, అరవై రెండు. మరిది అరచెయ్యి లేచింది.

"వదినా, నూట యాభై అయ్యాయి."

ఆవిడ నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. ముప్పై ఏళ్లలో ఒక్క మాట అటూ ఇటూ పోనివ్వని మనిషి, పచ్చి అబద్ధం, అదీ అందరి ముందు. అరవై రెండేనని ఆవిడ అనబోయారు. మరిది ఆవిడ వంక చూశాడు. ఆ చూపు ఆవిడకు బాగా తెలుసు. వెనక బెంచీలో భయస్తురాలైన పిల్ల ఎవరైనా చెయ్యెత్తాలా వద్దా అని తటపటాయిస్తుంటే, ముందు బెంచీ వాళ్ల మీద ఆవిడే ఆ చూపు విసిరేది. ఎన్నేళ్లయిందో అలా చూసి. ఆవిడ నోరు మూసుకున్నారు.

షెడ్డులో ఎవరూ మాట్లాడలేదు. పెద్దావిడ అందరి వంకా చూసింది. మీటరు రెండు చేతులూ జేబుల్లో పెట్టేసుకున్నాడు. ఆ మౌనం ఎంతసేపు సాగిందో గానీ, హెడ్‌మిస్ట్రెస్ గారికి జీవితంలో అంత కష్టమైన పరీక్ష ఇంకోటి లేదు. చివరికి మూలనుంచి మెకానిక్కు లేచి, చేతులు గుడ్డకు తుడుచుకుంది.

"ఈ కు... కుర్చీ కూరగాయలమ్మే ఆవిడది. ముందు చక్రంలో బే... బేరింగు పోయింది. ఇరవై నిమిషాల పని." కాసేపు ఆగింది. ఎవరూ అందుకోలేదు. "ఇరవై నిమిషాల పనికి ఆవిడ మూడు వా... వారాలు గడప దాటలేదు. ఎవరిని అడగాలో తె... తెలీక."

పెద్దావిడ కళ్లద్దాలు తీసింది. పక్కన ఉన్నది ఎవరిదని అడిగింది. మెకానిక్కు ఆ కుర్చీ దగ్గరికి నడిచింది. అది బట్టలు కుట్టే ఆయనది, బ్రేకు పట్టదు, అందుకని పెళ్లాం తోడు లేకుండా బయటికి పోడు, ఆవిడకేమో ఇప్పుడు మోకాళ్ల నొప్పి. దాని పక్కది కాలేజీ అమ్మాయిది. ఆ తర్వాతది ఇద్దరు అన్నదమ్ములు వంతులేసుకుని వాడుకునేది. ఎక్కడ నాలుక తట్టుకున్నా ఆగి, మళ్లీ అందుకుని, నలభై ఒక్క కుర్చీల పక్కనా నిలబడి చెప్పింది. ఎవరిది ఎప్పుడు ఆగిపోయిందో, ఆ మనిషి ఎన్నాళ్లుగా ఇంట్లో ఉండిపోయాడో, ఆమెకు రాసుకోకుండానే తెలుసు. ట్రస్టు వాళ్లు ఆమె వెనకే నడిచారు. గంటా పావు పట్టింది. మీటరు చేతులు జేబుల్లోంచి బయటికి రాలేదు.

వాళ్ల కారు వెళ్లిపోయాక ఆవిడ మరిదిని గేటు దగ్గర నిలేశారు. "అరవై రెండు. నేనూ లెక్కపెట్టాను."

"పొరపాటు పడ్డాను వదినా. పెద్దవాణ్నవుతున్నాను కదా."

ఆయన గేటు దాటి వెళ్లిపోయాడు. మిగతాది మెకానిక్కే చెప్పింది. ఆ పది మధ్యాహ్నాలూ సార్ రోజుకొక కుర్చీ చూపించి ఇదెవరిదని అడిగేవాడట. అడిగి, ఎంతసేపైనా ఊరికే ఉండేవాడట. మాట తట్టుకుంటే పూర్తిచేసి అందించేవాడు కాదట. వేళ్లు కదిలేవి కాదట. బొమ్మలు అరువిచ్చే సంఘంలో ఊడ్చే ఆవిడ దగ్గరా, చూపులేని వాళ్లకు ఈత నేర్పే చోట తువ్వాళ్లు ఆరేసే ముసలాయన దగ్గరా ఆయన ఇలాగే కూర్చున్నాడని తర్వాత తోటికోడలు చెప్పింది. నోరున్న వాళ్ల మాటలే ఆయన లెక్కపెట్టేది. అదంతా నోరులేని వాళ్లకు చోటు మిగల్చడానికే. ఈ సంగతి తెలిసిన రోజు హెడ్‌మిస్ట్రెస్ గారికి మరిది మీద ఎంత ప్రేమ పుట్టిందంటే, ఫోను చేసి తిట్టారు.

గ్రాంటు వచ్చింది. మార్కెట్ వెనక వీధిలో రేకు కారని గది దొరికింది. కూరగాయలమ్మే ఆవిడ కుర్చీ అంతకు ముందే వెళ్లిపోయింది, సాయంత్రాలు ఆవిడ అటుగా వస్తే మెకానిక్కు వాకిట్లో నిలబడి మాట్లాడుతూ ఉంటుంది.

కొత్త గదిలో మొదటి కమిటీ మీటింగు జరిగింది. అజెండాలో మొదటి అంశం పనిబల్ల ఎత్తు. మెకానిక్కు లేచి, ఆ బల్ల ఎంత ఎత్తుండాలో, ఎందుకుండాలో చెప్పడం మొదలుపెట్టింది. పావుగంటైంది, ఇంకా బల్ల దగ్గరే ఉంది. హెడ్‌మిస్ట్రెస్ గారికి ఆ రోజు చెప్పాల్సినవి బోలెడున్నాయి. కాస్త ఆపమన్నట్టు మరిది వంక చూశారు. ఆయన కిటికీలోంచి వీధి చూస్తున్నాడు. సరేలెమ్మని ఆవిడ కుర్చీలో వెనక్కి వాలి, ముప్పై నాలుగేళ్ల సర్వీసులో ఎన్నడూ లేనిది, తన వంతు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నారు. బల్ల గురించి ఇంత ఉంటుందని ఆవిడకు నిజంగానే తెలియదు.