ముగ్గురికీ కామెర్లేనా?

సైంటిస్టు మేడం పోయారని సోమవారం పొద్దున షాపు షట్టర్ ఎత్తుతుండగా ఫోన్ వచ్చింది. గుండెపోటట, ఆవిడ దగ్గర పనిచేసే అమ్మాయి చెప్పింది. ముందే చెప్పేస్తున్నాను, మా ఇద్దరికీ ఎప్పుడూ పడలేదు. పోయినవాళ్ళ గురించి మంచే రాయాలంటారు. అట్లా రాస్తే ఆవిడే ఒప్పుకోదు.

నెల్లూరు వైపు కోట అనే ఊళ్ళో నాది రొయ్యల గుంటల మోటార్లకు సామాన్లు అమ్మే షాపు. ఒకే ఇంట్లో తరం తర్వాత తరానికి క్యాన్సర్ ఎందుకొస్తుందో కనిపెట్టడం ఆవిడ పని. మా వైపు ఊళ్ళు తిరిగి రక్తం తీసుకునేది, వంశం మొత్తం కాగితం మీద గీసేది. ఆడవాళ్ళకు గుండ్రాలు, మగవాళ్ళకు చదరాలు. జబ్బు వస్తే నల్లగా నింపేది, మనిషి పోతే అడ్డగీత.

మా ఇళ్ళలో ఆ జబ్బు పేరు గడప లోపల ఎత్తరు. ఎత్తితే ఇంకో ఆడమనిషిని వెతుక్కుంటుందని భయం. అందుకే అమ్మ, పెద్దమ్మ, అమ్మమ్మ దేంతో పోయారని షాపుకొచ్చి అడిగితే, అలవాటుగా "కామెర్లు" అన్నాను.

పెన్ను ఆపింది. "ముగ్గురికీ కామెర్లేనా? మీ ఇంట్లో కామెర్లు ఆడోళ్లను చూసి వస్తాయా?"

"మా ఇంటి చావులు మీకెందుకు మేడం? ఇంకో ఇల్లు చూసుకోండి."

"చూసుకుంటాలే. నీ చెల్లెలికి కూడా కామెర్లొస్తే పిలువు."

ఒళ్ళు మండింది. పొమ్మన్నాను. పోలేదు. బెంచీ మీద కూర్చుని నా చేతే టీ తెప్పించుకుని, "నీ టీ కంటే నీ అబద్ధమే చిక్కగా ఉందయ్యా" అంది.

ఆర్నెల్లు ఇదే గొడవ. కోటకొచ్చిన ప్రతిసారీ వచ్చేది, తిట్టుకునేవాళ్ళం. ఒకరోజు పాత సామాను బుట్టలోంచి మాడిన స్టార్టర్ తీసి, "ఇదేంది?" అంది.

"లోపల పాయింట్లు అతుక్కుపోయినాయి. ఆఫ్ నొక్కినా మోటార్ ఆగదు."

"జన్మంతా నేను చదివింది దీన్నే. కణానికి పెరుగు, ఆగు అని కబుర్లు పోతుంటాయి. ఆగమనే జీన్ చెడితే ఆ కబురు అందదు. చెడిన జీన్ మీ ఇంట్లో తల్లి నుంచి బిడ్డకు దిగుతున్నట్టుంది. మోటార్ కాలినాక వచ్చే రైతును ఏమంటావు?"

"ముందే యాడికి పోయినావని తిడతా."

"మరి నేను తిడితే ఏడుస్తావేంది?"

నేను షాపు మెట్లు దిగి, రోడ్డు మీద నిలబడి ఆ జబ్బు పేరు చెప్పాను. ఆవిడ కాగితం పట్టుకుని వెనకే వచ్చి, నా బండి సీటు మీద పెట్టి మూడు గుండ్రాలూ నింపింది. "పిచ్చోడా, దీనికి ఇంత ఎండలోకి లాగాలా?"

చెల్లెలికి రక్తపరీక్ష, తర్వాత స్కాన్. శనగగింజంత గడ్డ దొరికింది. ఆపరేషన్ అయింది. ఇప్పుడు రెండు పూటలా నన్ను తిట్టేంత బాగుంది. దండం పెట్టడానికి రొయ్యలు పట్టుకుని వెళితే మేడం గుమ్మంలోనే ఆపేసింది.

"దండాలొద్దు. ఆర్నెల్లు ఆపినావు. సిగ్గు తెచ్చుకో."

రొయ్యలు మాత్రం తీసుకుంది.

ఆ మాటకు నేనింకా ఆవిడను క్షమించలేదు. అది నిజం కాబట్టి.

ఆవిడ పోయాక, మొన్న నెల్లూరులో ఆవిడ పనిచేసిన గదికి నేనూ చెల్లెలూ వెళ్ళాం. టేబుల్ మీద మా ఇంటి కాగితం ఉంది. ఫ్యాను గాలికి ఎగరకుండా దాని మీద నా షాపు మాడిన స్టార్టర్. చెల్లెలు దాన్ని పక్కకు జరిపి చూసింది. నల్లటి గుండ్రాలు నాలుగు. మూడింటికి అడ్డగీత ఉంది. నాలుగోదానికి లేదు.