అక్క డ్రోన్ మీద యాప్ పెత్తనం

మా అక్క డ్రోన్‌తో మామిడి తోటలకు మందు కొడుతుంది. రైతులు రెండు యాప్‌లలో తనను బుక్ చేసుకుంటారు. ఈ రోజు అందులో ఒక యాప్ మనిషి తిరువూరులో మా ఇంటికొచ్చి, రెండో యాప్ వదిలేయకపోతే అక్క పేరు రైతులకు కనబడనివ్వం అన్నాడు. గుత్తాధిపత్యం మీద కరపత్రాల్లో చదివిందంతా నా నోటిదాకా వచ్చింది. అక్క కళ్లతోనే ఆపింది.

"ఏం బాబూ, ఈ డ్రోన్ మీరు కొనిచ్చారా?"

"లేదు మేడమ్, కానీ..."

"మరి నేనెవరి తోటకెళ్లాలో మీరు చెప్పేదేంటండీ? మీ యాప్ బాగుంటే రైతే మీ దగ్గరకొస్తాడు. నన్ను కట్టేసుకోవడం ఎందుకు?"

ఇంత గర్వంగా నేనెప్పుడూ నోరు మూసుకోలేదు.

సాయంత్రానికి ఆ యాప్‌లో అక్క పేరు నిజంగానే మాయమైంది. అక్క మాత్రం రేపు రెడ్డిగూడెంలో పనికి బ్యాటరీలు చార్జింగ్ పెడుతోంది. రెడ్డిగూడెం రైతన్నలారా, మీ తోటకు ఎవరు రావాలో మీరే చెప్పండి. నా ఉపన్యాసం అలాగే మిగిలిపోయింది, కావాల్సినవాళ్లు కామెంట్ పెట్టండి!