తపసి బంక తిన్న ఇంజిన్

మా మామగారు పెట్టిన షరతు ఒక్కటే. ఈసారి మిరప పండితే అమ్మాయిని పంపుతాను, పండకపోతే ఆ అడవి పొలం అమ్మేసి నువ్వే కృష్ణ ఒడ్డున మా ఊరికి వచ్చెయ్ అన్నారు. ఆయన్ని తప్పు పట్టలేను. ఇల్లందు దాటాక అడవి అంచున నేను కొన్న భూమిలో మొదటి ఏడు పండింది మలేరియా ఒక్కటే.

రెండో ఏడు వాగు పక్కన ఆయిల్ ఇంజిన్ పెట్టుకుని, పాకలో ఒక్కణ్ణే ఉన్నాను. పొద్దంతా ఇంజిన్ మోత తప్ప పలకరించే దిక్కు లేదు. వంటకు పొయ్యి రాజేస్తూ "ఏం, ఇవాళ దగ్గుతున్నావ్?" అని దాన్నే అడిగేవాణ్ణి. నవ్వేవాళ్లెవరూ లేరు కనుక సిగ్గుపడే పనీ లేదు.

సరిగ్గా మిరప కాయ పట్టే వేళకు అది పొగ కక్కడం మొదలుపెట్టింది. ఇల్లందు మెకానిక్ వచ్చి రింగులూ, బేరింగులూ మార్చాడు. కింద ఆయిల్ నిలవుండే సంపు బిగించబోతే, సందు మూసే గాస్కెట్‌కు పూసే షెల్లాక్ జిగురు నిండుకుంది. బస్సెక్కి వెళ్లి తెచ్చేసరికి తోట ఇంకా వాడిపోతుంది. అప్పుడే సంతకు తపసి చెట్టు బంక మోసుకెళ్తున్న కోయ ముసలామె కనిపించింది. దోసెడు అడిగి తీసుకుని, నీళ్లలో నానబెట్టి, అతను అదే దట్టంగా పట్టించాడు.

"గిది అంటుకుంటే పానం పోయినా ఇడువదన్నా" అన్నాడు. ఆ పక్క ఏది అతికించాలన్నా ఆ చెట్టు బంకే వాడతారు. నాకూ అనుమానం రాలేదు.

మర్నాడు ఇంజిన్ తిప్పాను. ఆయిల్ ప్రెషర్ చూపే ముల్లు లేచింది. కాసేపటికి మెల్లగా వాలి సున్నా మీద పడుకుంది. ప్రెషర్ లేకుండా నడిపితే కొత్త బేరింగులు మాడిపోతాయని వెంటనే ఆపేశాను. ఆయిల్ కొలిచే పుల్ల తీసి చూస్తే నిండుగానే ఉంది. గేజి పైపు వదులు చేసి తిప్పితే ఆయిల్ చుక్కలు చుక్కలుగా రాలింది. అంటే ముల్లు చెప్పింది నిజమే. కబురంపితే మెకానిక్ వచ్చి తల గోక్కున్నాడు.

"బేరింగులల్లనే తేడా ఉందన్నా. ఇంజినంతా ఖమ్మం తీస్కపోవాలె."

అది ఖమ్మం వెళ్లి వచ్చేలోగా తోటలో మిగిలేది కట్టెలే. అతను బీడీ ముట్టించుకుని వాగు వైపు వెళ్లాడు. నేను ఇంజిన్ పక్కన కూలబడ్డాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. చివరికి ఏమీ తోచక మళ్లీ తిప్పాను. ముల్లు లేచింది! మళ్లీ వాలింది. ఆపి, కాసేపు ఆగి తిప్పితే మళ్లీ అదే వరస. అరిగిన బేరింగులైతే కాసేపు కూర్చోబెట్టినంత మాత్రాన బాగుపడవు కదా. నడుస్తున్నప్పుడు ఏదో ఆయిల్‌తో పాటు వచ్చి దారి మూస్తోంది, ఆపితే జారిపోతోంది.

"సంపు దించు" అని కేకేశాను.

"ఏందన్నా, నిన్ననే గద బిగించింది!"

"దించవయ్యా ముందు."

గొణుగుతూ దించాడు. లోపల ఆయిల్ పీల్చే జల్లెడ నిండా పసుపచ్చ పెచ్చులు. బిగించినప్పుడు లోపలికి పొంగిన బంక ఎండి, పెళుసెక్కి, ఊడిపడింది. నూనెలో అది కరగదు. అతను ఒక పెచ్చు గోటితో నలిపి చూసి నాలుక కరుచుకున్నాడు.

"గిది నా బంకే. జల్దీ నీళ్లు పారాలని జేస్తి గదన్నా" అన్నాడు.

నాకు కోపం రాలేదు. ఇద్దరం జల్లెడ కడిగి, పాత బంకంతా గీకి, ఈసారి ఉత్త గ్రీజు రాసి బిగించాం. ముల్లు లేచి, లేచినచోటే నిలబడింది. కాలువలో నీళ్లు పరుగెత్తాయి.

మిరప ఎర్రబడింది. మామగారు మాట నిలబెట్టుకున్నారు. నా భార్య బస్సు దిగి, పొలం గట్ల మీదుగా పాక దగ్గరికి వచ్చి, చెవులు మూసుకుంది.

"ఈ మోతలో ఎలా ఉంటున్నారండీ? కాసేపు ఆపండి, మాట్లాడుకుందాం."

ఆపాను. ఆమె నవ్వుతూ నా ఎదుట కూర్చుంది. రోజూ ఇంజిన్‌తో కబుర్లాడిన నాకు ఎంత వెతుక్కున్నా ఒక్క మాట దొరకలేదు.