కుక్కకు అనుమతి పత్రం

కుక్కల డాక్టర్లను తయారుచేసే కాలేజీలోకి ఒక కుక్కను రానివ్వడానికి నాలుగు మీటింగులు పట్టాయి. మా అమ్మాయి అక్కడ మూడో సంవత్సరం చదువుతోంది. పదిహేనో ఏట షుగర్ వచ్చింది, అప్పటినుంచీ ఇన్సులిన్ మీదే ఉంది. ఏడాదిగా ఒక నల్ల లాబ్రడార్ తోడు. షుగర్ పడిపోయే ముందే వాసన పట్టి, ముంగాలితో మోకాలు తడుతుంది. అది రాకముందు పిల్ల స్పృహ తప్పి పడిన రోజులున్నాయి.

చివరి మీటింగుకు నేనూ వెళ్లాను. ఇరవై ఒక్కేళ్ల పిల్ల వెంట అమ్మ రావడం వాళ్లకు వింత. కుక్కను చూసి పశువైద్యులు కుర్చీలు వెనక్కి జరపడం నాకు వింత. గుర్రాలు బెదురుతాయన్నాడు ఒకాయన. కుక్కబొచ్చు తనకు పడదంది ఒకావిడ. మరి ఇన్నేళ్లూ ఏం ఉద్యోగం చేశారని అడగబోతే అమ్మాయి నా కాలు తొక్కింది. ఇంత గొడవలోనూ కుక్క బల్ల కింద హాయిగా నిద్రపోయింది. చివరికి క్లాసుల్లోకి రావచ్చు, ఆపరేషన్ గదిలోకీ గుర్రాల దగ్గరికీ రాకూడదని కాగితం రాసిచ్చారు. ఈ పరాయి దేశంలో మేముండే శివారు ఊరు వెర్రిబీలో మా ఇంటికి చేరేదాకా వాళ్లను తిడుతూనే ఉన్నాను.

ఆ శనివారమే మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం. వందల కిలోమీటర్ల దూరాన గంగాలిన్‌లో ఉండే పంతులుగారు లాప్‌టాప్ తెర మీద, మిగతా ముప్పై మంది హాల్లో. కుక్కను గ్యారేజీలో కట్టేశాను. మడి అన్నాను గానీ అసలు సంగతి అది కాదు. పిల్లకు షుగరని మావాళ్లలో ఎవరికీ చెప్పలేదు. చెబితే ముప్పై మంది ముప్పై కషాయాలు చెబుతారు, ఆ తర్వాత జాలిపడతారు. ఆ జాలంటే నాకు భయం. అందుకే కుక్క ఎందుకని అడిగితే, కాలేజీవాళ్లు ప్రాక్టీసుకిచ్చారన్నాను. తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డికి అన్నట్టు. అందరూ నమ్మారు కూడా. "సెమిస్టర్ అయ్యాక రిటర్న్ ఇచ్చెయ్యాలామ్మా?" అని అమ్మాయిని అడిగాడు ఒక అంకుల్.

కథ మధ్యలో లేవకూడదని చెప్పి అమ్మాయిని పీట పక్కనే కూర్చోబెట్టాను. ఫోన్లు కూడా ఆపించాను. మూడో అధ్యాయంలో లేచింది. చెయ్యి పట్టి లాగబోతే చెమటకు జారిపోయింది. షుగర్ పడిపోతోందని అప్పుడు గాని నాకు వెలగలేదు. వెనకే పరుగెత్తాను.

గ్యారేజీ నేల మీద కూర్చుని వణుకుతూ జ్యూసు తాగుతోంది. కుక్క ఆమె మోకాలు తడుతూనే ఉంది. నాకు ఏడుపొచ్చింది.

"నాతో చెప్పొచ్చు కదే."

"లేవకూడదన్నావ్ కదా." జ్యూసు చివరి చుక్కదాకా తాగింది. "యూనివర్సిటీ వాళ్లు అట్లీస్ట్ ఏ రూమ్స్‌లోకి ఎలౌడో రాసిచ్చారమ్మా. హోమ్‌లో నాకు ఆ పేపర్ కూడా లేదు."

తాడు విప్పి కుక్కను హాల్లోకి తెచ్చాను. అమ్మాయి కూర్చోగానే అదీ పక్కన కూర్చుంది. పట్టుచీరలన్నీ వెనక్కి జరిగాయి, అచ్చం ఆ మీటింగులో కుర్చీల్లాగే.

"అక్కడేదో నల్లగా కదిలిందేమిటమ్మా?" తెర మీంచి పంతులుగారు అడిగారు.

"కుక్కండీ. మా అమ్మాయికి షుగరు. పడిపోయే ముందు ఇదే చెబుతుంది."

ఆరేళ్లు దాచిన మాట విని పంతులుగారు కళ్లజోడు సర్దుకున్నారు.

"అలాగా. దగ్గరే ఉండనివ్వండి. ఇక నాలుగో అధ్యాయం."