తెరిచే ఉండిపోయిన ప్లేటు

ఆదివారం మధ్యాహ్నం రెండుంపావుకు అమ్మ భోజనాల గిన్నెలు కడిగి బోర్లించింది. ఆ చప్పుడు ఆగాకే అన్న పని మొదలుపెట్టేవాడు, అందుకే ఆ వేళ గుర్తుంది. దయ్యాలను, మహిమలను నేను ఏనాడూ నమ్మలేదు. ఇప్పుడూ నమ్మను. జరిగింది మాత్రం చెబుతాను.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. అన్న అక్కడ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేవాడు. సెలవులకు కాలేజీ మైక్రోస్కోపును అడిగి ఇంటికి తెచ్చేవాడు. పాత కెమెరాకు ముందరి అద్దం ఊడదీసి, రేకు గొట్టం ఒకటి చేయించి, దాంతో కెమెరాను మైక్రోస్కోపు పైకొనకు బిగించాడు. వీధిలో జీపు పోతే బొమ్మ అదురుతుందని అడుగున కడప బండ వేశాడు. అంత ఓపిక నేను మరొకరిలో చూడలేదు.

కాలువ నీటి చుక్కలో ఈదే, కంటికి కనబడని ప్రాణిని బతికుండగా ఫొటో తీయాలన్నది అన్న కోరిక. దీపం వెలుగులో బొమ్మ పడటానికి కొన్ని క్షణాలు పట్టేది. ఆలోగా అది కదిలిపోయేది. కెమెరాలో బొమ్మ పడే గాజు ప్లేటు మీద పొగచారలాంటిది మిగిలేది. మందు చుక్క వేసి చంపితే సులువు. అన్న ఒప్పుకోలేదు.

అమ్మ నవ్వేది. "పురుగుకు పెళ్లిచూపుల ఫొటో తీస్తాండావా నాయనా? కుదురుగా కూసోమంటే నువ్వే ఇనవు, అది ఇంటాదా?"

"ఇంటాది లేమ్మా. ముందు మనం కుదురుగా ఉండల్ల."

ఆ ఆదివారం గది మూసి దీపం వెలిగించాం. నేను తలుపు దగ్గర ఊపిరి బిగపట్టి నిలబడ్డాను. అన్న ప్లేటు మీది మూత జరిపి తెరిచి, దీపానికీ మైక్రోస్కోపుకూ మధ్య అడ్డుగా ఉన్న నల్ల అట్టను పైకెత్తాడు. తిరిగి దించలేదు. అట్ట పట్టుకునే నేల మీదికి ఒరిగాడు.

నా అరుపుకు ఇరుగుపొరుగు వచ్చారు. తలుపులు, కిటికీలు తెరిచారు. గదంతా తొక్కిడి. డాక్టరు వచ్చేసరికి ప్రాణం లేదు. గుండె ఆగిందన్నాడు.

పొద్దుగూకాక నేనే ప్లేటుకు మూత జరిపాను. అప్పటికి మైక్రోస్కోపు కింది గాజుపలక మీద నీటి చుక్క ఎండిపోయింది.

కర్మలయ్యాక ఆ ప్లేటును బొమ్మ తేలే మందునీళ్లలో కడిగాను. ఆ పని అన్నే నేర్పాడు. అంతసేపు వెలుతురు తగిలిన ప్లేటు నల్లగా మాడిపోవాలి. మాడలేదు. నడుమ ఒకే ఒక్క ప్రాణి. ఒంటి చుట్టూ సన్నని వెంట్రుకలు దేనికది విడిగా కనిపించాయి.

అన్నతో పనిచేసిన మాస్టారు ఒకరు దాన్ని కిటికీకి ఎత్తిపట్టి శానాసేపు చూశారు.

"బతికుండంగనే తీసినాడే! ఎట్ల నిలబెట్టినాడమ్మా?"

చుక్క ఎండితే ఆ ప్రాణి ఒళ్లు పగిలి చెదిరిపోతుందట. జరిగింది చెప్పాను. ఇది ఇంతకుముందెప్పుడో తీసిన ప్లేటై ఉంటుంది, దుఃఖంలో పొరబడ్డావన్నారు. ఆయనను తప్పుపట్టను. కానీ అంతకుముందు తీసిన ప్లేట్లన్నీ కడిగింది నేనే. అలాంటిది ఒక్కటీ లేదు.

తర్వాత దొరికిన పుస్తకాలన్నీ చదివాను. కారణం తెలియలేదు. అన్న కుదురుగా ఉండమంటే అది విన్నదని నేను రాయలేను. వినలేదనీ రాయలేకపోతున్నాను.

మైక్రోస్కోపును కాలేజీకి ఇచ్చేశాం. మా ఇంట్లో ఇప్పుడు ఎవరూ ఫొటోలు తీయరు.