సుగుణక్క లారీకి మారు క్రౌన్

2023 వానాకాలం. కోరుట్లలో నాది లారీ స్పేర్‌పార్టుల దుకాణం. మెకానికల్ ఇంజనీరింగ్ చదివాను. దానివల్ల వ్యాపారానికి చెప్పుకోదగ్గ నష్టమేమీ జరగలేదు.

ఒక మంగళవారం సిరిసిల్ల నుంచి సుగుణక్క వచ్చి, యూరియా సంచిలోంచి విరిగిన ఇనుప ముక్కను తీసి కౌంటర్ మీద పెట్టింది. భర్త మస్కట్‌లో పనిచేస్తాడు, ఇక్కడ లారీ నడిపించే బాధ్యత ఆమెది. ఆ ముక్క పినియన్. లారీ వెనక చక్రాల మధ్య కుండలా ఉబ్బి కనిపించేది హౌసింగ్. అందులో పళ్ళెమంత పళ్ళచక్రం క్రౌన్, దాన్ని తిప్పే చిన్నది పినియన్. రెండింటినీ ఫ్యాక్టరీలో ఒకదానితో ఒకటి రాపాడించి జత చేస్తారు కాబట్టి ఒకటి పోతే రెండూ మార్చాల్సిందే.

"అక్కా, గీ మోడల్ సెట్టు కంపెనీ బంద్ జేసింది," అన్నాను.

"కంపెనీ బంద్ జేస్తే జేసింది. నా బండి బంద్ కాలేదు గదా."

"ఇప్పుడైతే అయినట్టే ఉంది."

"మస్తు ధైర్యం జెప్పినవు సేటూ. గందుకేనా గింత దూరం అచ్చింది?"

ఆ లారీ మోసేది మరమగ్గాల బీములు. ఆ మగ్గాలనే సిరిసిల్లలో సాంచాలంటారు. సైజింగ్ మిల్లులో పడుగు నూలుకు గంజి పట్టించి పెద్ద ఇనుప రోలర్ల మీద చుడతారు. వాటిని షెడ్లకు చేర్చకపోతే మగ్గాలు ఆగుతాయి. బీములు దొర్లకుండా ఆమె బండి తొట్టిలో ఇనుప గాడులు వెల్డింగ్ చేయించి ఉన్నాయి. అందుకే అంత పాత బండికి కూడా పని దొరుకుతోంది. సైజింగ్ యజమాని శుక్రవారం పొద్దుటిదాకా ఆగుతానన్నాడు. అప్పటికీ బండి కదలకపోతే కరీంనగర్ బండి ఒకటి శాశ్వతంగా వస్తుంది.

బుధవారం జగిత్యాల స్క్రాప్ యార్డుకు వెళ్ళాను. అదృష్టవశాత్తూ అదే మోడల్ సెట్టు దొరికింది. వెలుతురులో పెట్టి చూస్తే పళ్ళ మొదళ్ళలో వెంట్రుకంత పగుళ్ళు ఉన్నాయి. "ఇంకో పదేండ్లు నడుస్తది," అన్నాడు యార్డు అతను. ఆ పదేళ్ళూ అది ఎప్పుడో నడిచేసింది. అక్కడే పెట్టేసి వచ్చాను.

ఇక మిగిలింది నా దుకాణంలోనే ఉన్న, ఆ తర్వాతి మోడల్ సెట్టు. దాన్ని మొదటే పక్కన పెట్టడానికి నాకు రెండు కారణాలున్నాయి. పినియన్ బేరింగు పాత హౌసింగ్ రంధ్రం కన్నా చిన్నది, కాబట్టి మధ్యలో స్లీవ్, అంటే ఒక ఇనుప రింగు, వేయాలి. ఇంకొకటి, రేషియో వేరు. ఇంజను అంతే తిరిగినా చక్రాలు తక్కువ తిరుగుతాయి. లాగుడు పెరిగి వేగం తగ్గుతుంది. హైవే బండికి ఇది అంటగడితే యజమాని మళ్ళీ నా మొహం చూడడు. అయినా ఫోన్ చేశాను.

"బండి స్పీడు తగ్గుతదక్కా. ట్రాక్టర్లు గూడ దాటిపోతయి."

"ఇప్పుడు దాటుతలెవ్వా? బీములేసుకొని నేనెప్పుడు ఉరికిన సేటూ? జర కుదిపితే పోగులు జారుతయి. సాంచాలోల్లు నన్ను బతకనిస్తరా?"

ఆమె బండి ఎక్కువగా తిరిగేది సిరిసిల్ల సందుల్లో, తంగళ్ళపల్లి షెడ్ల మధ్య. ఈ విషయం నేను అప్పటిదాకా అడగలేదు.

గురువారం సెట్టు బస్సులో వేసుకుని రుద్రంగి మీదుగా సిరిసిల్ల వెళ్ళాను. మెకానిక్ ఖాజా భాయ్ హౌసింగ్ విప్పి సిద్ధంగా ఉన్నాడు. రింగు కోసం సుగుణక్కతో కలిసి లేత్ మిషన్ శంకరయ్య దగ్గరికి పోయాం. అక్కడి మగ్గాలు చాలావరకు ఎక్కడో పాతబడి వచ్చినవే, వాటి కంపెనీల ఊసు ఎవరికీ తెలియదు. ఏ ముక్క పోయినా శంకరయ్యే చేసి ఇస్తాడు. బేరింగు చేతిలో పెట్టి, ఇది కూర్చునేలా రింగు చేయమన్నాం. మధ్యాహ్నానికి తళతళలాడే రింగు ఇచ్చాడు. బేరింగు అందులోకి వేలితో తోస్తే వెళ్ళిపోయింది. శంకరయ్య మెప్పు కోసం మా వైపు చూశాడు. ఖాజా భాయ్ ఆకాశం వైపు చూశాడు.

"గిది లూజుంది, శంకరన్నా."

"లూజ్ గాదు, ఫ్రీ ఉంది. ఏలితోని పోతుంది, సూడు."

"సుత్తెతోని కొడితే గాని పోవద్దు!"

"సుత్తెతోని కొట్టేటియి నా లేత్ మీద కావు. సాంచ బుష్షుకు జరంత ఆట లేకుంటె పట్టేస్తది. నూనె యాడికెల్లి పోవాలె? నా పేరు ఖరాబ్ జేసుకోను."

ఇక్కడ నా చదువు అవసరం పడిందనుకున్నాను. రంధ్రం కన్నా లోపలి వస్తువు కొంచెం పెద్దదిగా ఉంటే దాన్ని ఇంటర్‌ఫియరెన్స్ ఫిట్ అంటారని, బేరింగు జారి తిరిగితే హౌసింగే కాలిపోతుందని చేతులతో సహా వివరించాను. దూరపు చుట్టం జబ్బు గురించి విన్నంత మర్యాదగా విన్నాడు శంకరయ్య.

"గంతా సరే గని, గీ రింగుల బేరింగు తిరుగుతదా, కూసుంటదా?"

"దాని బయటి గిన్నె కూసుంటది. లోపలి షాఫ్టు తిరుగుతది."

"గా ముక్క ముందుగాల జెప్పొద్దా? గింతసేపు ఇంగ్లీషెందుకు?"

"సేటు చదువుకున్నడన్నా, జర ఓపికవట్టు," అంది సుగుణక్క.

మగ్గాల ఇరుసులకు తొడిగే బుష్షులు అతను ఎన్నో చేశాడు, అన్నిటిలోనూ ఏదో ఒకటి తిరిగేదే. రింగు అనగానే చెయ్యి అలవాటుగా ఆట వదిలేసింది. రెండోసారి బిగువుగా చేశాడు. చలికి ఇనుము కుదించుకుంటుంది కాబట్టి ఆ రింగును కవర్లో చుట్టి పక్కనున్న కూల్‌డ్రింక్ షాపు ఫ్రీజర్లో, ఐస్‌క్రీముల మధ్య, కాసేపు పెట్టాం. ఖాజా భాయ్ హౌసింగ్ నోటిని మంటతో వెచ్చచేశాడు. దించి సుత్తెతో కొడితే రింగు కూర్చుంది, అందులో బేరింగు కూడా సుత్తె దెబ్బలకే దిగింది. పొద్దు గూకకముందే నూనె పోసి మూసేశాం.

శుక్రవారం పొద్దున బీములెక్కించాక సుగుణక్క, ఖాజా భాయ్‌లతో పాటు నేను కూడా క్యాబిన్‌లో కూర్చున్నాను. లోపల పొరపాటుంటే కొద్ది దూరంలోనే హౌసింగ్ కాలుతుంది. తంగళ్ళపల్లిలో ఆపి ఖాజా భాయ్ కిందికి దూరి చెయ్యి పెట్టాడు. తియ్యలేదు. నేనూ పెట్టి చూశాను. సుగుణక్క మాత్రం నమ్మకుండా చీర కుచ్చెళ్ళు పట్టుకుని వంగి, అరచేయి మొత్తం ఆనించి, చాలాసేపు అలాగే ఉండిపోయింది.

"చాయ్ గ్లాసంత వేడి గూడ లేదు," అంది లేస్తూ. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. డీజిల్ పొగ అని చెప్పింది. ఇంతలో సైజింగ్ యజమాని ఫోన్. "రెండో ట్రిప్పా? అస్తున్న. కరీంనగర్ బండిని వాపస్ తోలియ్యుండ్రి," అని పెట్టేసింది.

కంపెనీ ఆపేసిన పార్టుకు బదులు వెతకడమంటే అచ్చం అలాంటిదాన్నే వెతకడమని అప్పటిదాకా అనుకునేవాణ్ణి. కొత్తది పాతదానిలా ఉండకపోయినా ఫరవాలేదు. ఆ బండి రోజూ చేసే పనికి సరిపోవాలి. అందుకే ఇప్పుడు ఎవరైనా విరిగిన ముక్క తెస్తే, దాని మీద నంబరు చూడకముందే బండి ఏం మోస్తుంది, ఏ దారిలో తిరుగుతుంది, దాని కోసం ఎదురుచూసేవాళ్ళెవరు అని అడుగుతాను. పిల్లను చూడవచ్చినోళ్ళు గూడ గిన్ని అడగరని కొందరు విసుక్కుంటారు. నిజమే కావచ్చు. జవాబులు వచ్చేదాకా మాత్రం అటక మీది డబ్బా దించను.