జీతం బేరానికి కారం ప్యాకెట్

గుంటూరులో కొత్తగా పెట్టిన ఒక కంపెనీ వాళ్ళు ఈ రోజు జీతం మాట్లాడుకుందాం రమ్మన్నారు. సత్తెనపల్లి నుంచి వచ్చి ఉన్న మా అమ్మ ఊరుకుంటుందా? "ఉత్త చేతుల్తో పోతావా ఏంటే? మన చేలో కాయలే, ఇచ్చిరా" అంటూ కిలో కొత్త కారం చేతిలో పెట్టింది.

హైదరాబాదు నుంచి వచ్చిన మేనేజరు గారు ప్యాకెట్ వాసన చూసి మురిసిపోయారు. ఆ తర్వాత ఆయన చెప్పిన జీతం వింటే నీరసం వచ్చింది.

"ఇంటద్దె, పాప స్కూలు ఫీజు కట్టాక ఏమీ మిగలదండీ" అన్నాను.

"గుంటూరులో ఏం ఖర్చులుంటాయమ్మా? పైగా మీకు బియ్యం, కారం ఇంటి నుంచే వస్తాయిగా!" అని ఆ ప్యాకెట్‌నే చూపించారు.

ఇంకాసేపు అడిగి చూశాను. ఆయన దిగిరాలేదు, అంటే జీతం పైకెక్కలేదు. ఆలోచించుకుని చెప్తానని లేచాను.

"జాయినయ్యే రోజు ఇంకో రెండు కిలోలు తెండమ్మా. మా హైదరాబాదులో అన్నీ మండిపోతున్నాయి" అన్నారు.

ఇంటికి రాగానే అమ్మ ఆత్రంగా అడిగింది, "నచ్చిందంటనా?"

"కారం నచ్చిందమ్మా."

అద్దెకి బదులు కారం తీసుకునే ఓనర్లు గుంటూరులో ఎవరైనా ఉంటే కామెంట్లో చెప్పండి. రేపే ఇల్లు మారిపోతాను.